వయ్యారిభామ, తగిరిస ఒకే నేలలో: మొక్కల పోటీని కంప్యూటర్‌లో నడిపి చూడడం ఎలా

బంజర్లలో, రోడ్ల పక్కన, రైల్వే కట్టల వెంబడి వయ్యారిభామ పెరిగే చోటే తగిరిస కూడా పెరుగుతుంది. తగిరిసను కొన్ని ఊళ్లలో తంటెం అంటారు. వయ్యారిభామను అణచడానికి పోటీ మొక్కగా తగిరిసను చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతుంటారు. చల్లితే ఏమవుతుంది? వయ్యారిభామ పూర్తిగా పోతుందా, రెండూ కలిసి ఉండిపోతాయా, ముందు ఎవరు పాతుకుంటే వారిదే నేలవుతుందా? పొలంలో దీనికి జవాబు దొరకాలంటే ఏళ్లు పడుతుంది. పొలంలో రెండు మూడు సీజన్లు కొలిచిన అంకెలుంటే, మిగతా ప్రశ్నను ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఒక పూటలో నడిపి చూడవచ్చు.

అలా నడిపేవాళ్లు ఎక్కువగా చేసేది రెండు గీతలు గీసి, ఏది పైనుంటే అది గెలిచిందనుకోవడం. సహజీవనానికి అది పరీక్ష కాదు. ఒక జాతి దాదాపు కనుమరుగైన స్థితిలో, రెండోది నేలంతా నిండి ఉన్నప్పుడు, ఆ కొద్దిపాటి విత్తనాలు మళ్లీ పెరగగలవా లేదా అన్నదే ప్రశ్న. రెండు జాతులూ విడివిడిగా ఈ పరీక్ష నెగ్గితేనే అవి కలిసి నిలుస్తాయి. కింద చెప్పే పనంతా ఈ పరీక్షను తప్పుల్లేకుండా చేయడం కోసమే.

కావలసిన అంకెలు

ఏకవార్షిక మొక్కలకు పర్యావరణ శాస్త్రవేత్తలు విరివిగా వాడే నమూనా ఒకటుంది. అందులో కాలం సీజన్ల వారీగా నడుస్తుంది. లెక్క తొలకరికి ముందు, నేలలో ఉన్న విత్తనాలతో మొదలవుతుంది. కొన్ని మొలుస్తాయి. మొలవనివాటిలో కొన్ని వచ్చే ఏడాది దాకా బతికి ఉంటాయి. మొలిచినవి ఒకదాన్నొకటి అణచుకుంటూ విత్తనాలు పెడతాయి. అంతే.

ఒక్కో జాతికి మూడు అంకెలు కావాలి. మొలకెత్తే వంతు: నేలలోని వందలో ఈ సీజన్ మొలిచేవి. బతికే వంతు: మొలవని వందలో వచ్చే సీజన్‌కు మిగిలేవి. ఒంటరి దిగుబడి: చుట్టూ ఎవరూ లేని ఒక్క మొలక నుంచి వచ్చే తొలకరి నాటికి నేలలో మిగిలే పనికొచ్చే విత్తనాలు. ఈ మూడో అంకె దగ్గరే చాలామంది పొరబడతారు. ఒక వయ్యారిభామ మొక్క 15,000 పైచిలుకు విత్తనాలు పెట్టగలదు. ఆ అంకెను నేరుగా పెడితే నమూనా అర్థం లేని సాంద్రతలు చూపిస్తుంది. తాలు గింజలు, వరదలో కొట్టుకుపోయినవి, చీమలు మోసుకుపోయినవి, కుళ్లినవి, మొలిచాక వారంలోపే చచ్చిన మొలకలు అన్నీ తీసేశాక మిగిలే అంకె వేరు.

వీటికి తోడు నాలుగు అణచివేత గుణకాలు కావాలి. చదరపు మీటరుకు ఒక మొలక అదనంగా ఉంటే పక్క మొక్క దిగుబడి ఎంత కుంగుతుందో ఇవి చెబుతాయి. పేర్లలో మొదటి అక్షరం నష్టపోయేదానిది, రెండో అక్షరం నష్టం చేసేదానిది అనుకుందాం. 'వవ' అంటే వయ్యారిభామ మీద వయ్యారిభామ ఒత్తిడి. 'వత' అంటే వయ్యారిభామ మీద తగిరిస ఒత్తిడి. 'తవ', 'తత' కూడా ఇలాగే. ఈ వరుసను షీట్ పైభాగంలో రాసి పెట్టుకోండి.

సాధన కోసం ఈ విలువలు తీసుకుందాం. ఇవి ఏ పొలంలోనూ కొలిచినవి కావు, లెక్క సరిచూసుకోవడానికి ఎంచుకున్నవి. సొంత కొలతలు వచ్చాక వీటిని మార్చేయాలి.

వయ్యారిభామ: మొలకెత్తే వంతు 0.5, బతికే వంతు 0.6, ఒంటరి దిగుబడి 200.
తగిరిస: మొలకెత్తే వంతు 0.4, బతికే వంతు 0.7, ఒంటరి దిగుబడి 80.
వవ 0.20, వత 0.20, తత 0.10, తవ 0.06.

తగిరిస గింజకు పెంకు గట్టిది, అందుకే మొలిచే వంతు తక్కువగా, బతికే వంతు ఎక్కువగా పెట్టాం.

షీట్ కట్టడం

ఎక్సెల్ అయినా, గూగుల్ షీట్స్ అయినా, లిబ్రేఆఫీస్ క్యాల్క్ అయినా సరిపోతుంది. పైన పది వరుసల్లో ఆ పది విలువలు పెట్టి, ఒక్కోదానికి పక్కన పేరు రాయండి. కింద ఐదు నిలువు వరుసలు చాలు: సీజన్ సంఖ్య, వయ్యారిభామ విత్తనాలు, తగిరిస విత్తనాలు, వయ్యారిభామ మొలకలు, తగిరిస మొలకలు. అన్నీ చదరపు మీటరుకు.

మొలకలు = విత్తనాలు × మొలకెత్తే వంతు.

తర్వాతి సీజన్ విత్తనాలకు సూత్రం ఇది:

కొత్త విత్తనాలు = విత్తనాలు × (1 − మొలకెత్తే వంతు) × బతికే వంతు + మొలకలు × ఒంటరి దిగుబడి ÷ (1 + స్వజాతి గుణకం × స్వజాతి మొలకలు + ఎదుటి జాతి గుణకం × ఎదుటి జాతి మొలకలు)

పైనున్న పది గడులను సూత్రంలో చూపేటప్పుడు డాలర్ గుర్తులు పెట్టి బిగించాలి. లేకపోతే కిందికి లాగినప్పుడు అవి జారిపోయి ఖాళీ గడులను చదువుతాయి. ఖాళీ గడి అంటే సున్నా. గుణకం సున్నా అయితే పోటీ మాయమై విత్తనాల సంఖ్య కోట్లలోకి దూకుతుంది. అలా దూకితే ముందుగా చూడాల్సింది డాలర్ గుర్తులే.

మొదటి సీజన్‌లో రెండింటికీ 10 విత్తనాలు ఇవ్వండి. రెండో సీజన్‌కు వయ్యారిభామ 360.1, తగిరిస 192.4 రావాలి. మూడో సీజన్‌కు 795.2, 396.6. ఇవి వస్తే సూత్రం సరిగ్గా ఉన్నట్టే. రాకపోతే వచ్చిన అంకెను బట్టే తప్పు పట్టుకోవచ్చు. రెండో సీజన్‌లో వయ్యారిభామ 449.4 అని వస్తే వత, తవ తారుమారయ్యాయి. 203 అని వస్తే సూత్రంలో భాగించే కింది భాగంలో మొలకలకు బదులు మొత్తం విత్తనాలను గుణించారు. నేలలో నిద్రపోతున్న గింజ నీళ్ల కోసం, వెలుతురు కోసం ఎవరితోనూ పోటీ పడదు. కాబట్టి అక్కడ మొలకలే ఉండాలి.

తారుమారు తప్పును తేలిగ్గా తీసుకోవద్దు. ఈ విలువలతో వత, తవ మారిపోతే తగిరిస పూర్తిగా అంతరించినట్టు తేలుతుంది. షీట్ ఏ హెచ్చరికా ఇవ్వదు. గీతలు నున్నగానే ఉంటాయి. జవాబు మాత్రం తలకిందులు.

వరుసలను 300 సీజన్ల వరకు లాగండి. వయ్యారిభామ 838 విత్తనాల దగ్గర, తగిరిస 726 దగ్గర నిలబడతాయి. ఇక్కడితో ఆగిపోవాలనిపిస్తుంది. ఆగకూడదు.

కొద్ది విత్తనాల పరీక్ష

ఇప్పుడు తగిరిసను సున్నా చేసి వయ్యారిభామను ఒంటరిగా నడపండి. 1,419 విత్తనాల దగ్గర, అంటే 709 మొలకల దగ్గర స్థిరపడుతుంది. నడపకుండానే ఈ అంకెను లెక్కకట్టే దారి ఉంది. ఒంటరి దిగుబడిని మొలకెత్తే వంతుతో గుణించి, దాన్ని (1 − బతికే వంతు × (1 − మొలకెత్తే వంతు))తో భాగించండి. వయ్యారిభామకు 100 ÷ 0.7 = 142.86 వస్తుంది. అందులోంచి 1 తీసి స్వజాతి గుణకంతో భాగిస్తే స్థిర మొలకల సంఖ్య. 141.86 ÷ 0.20 = 709.3. తగిరిసకు 32 ÷ 0.58 = 55.17, ఒకటి తీస్తే 54.17, దాన్ని 0.10తో భాగిస్తే 541.7 మొలకలు. నడిపిన ఫలితం, లెక్కకట్టిన ఫలితం రెండూ కలవాలి. కలవకపోతే ముందుకు వెళ్లవద్దు.

వయ్యారిభామ 709.3 మొలకలతో నిండిన నేలలో తగిరిస విత్తనాలు అతి కొద్దిగా పడ్డాయనుకోండి. తనను తాను అణచుకునేంత సంఖ్య తగిరిసకు ఇంకా లేదు, కాబట్టి ఆ పదం సున్నా. దాని వృద్ధి గుణకం, అంటే ఒక సీజన్‌లో దాని విత్తనాలు ఎన్ని రెట్లవుతాయో (0.42 అంటే 0.6 × 0.7, 32 అంటే 0.4 × 80):

0.42 + 32 ÷ (1 + 0.06 × 709.3) = 0.42 + 0.735 = 1.155

ఒకటి కంటే ఎక్కువ, అంటే సీజన్‌కు 15 శాతం చొప్పున పెరుగుతుంది. ఇప్పుడు తిరగేయండి. తగిరిస నిండిన నేలలో వయ్యారిభామ:

0.30 + 100 ÷ (1 + 0.20 × 541.7) = 0.30 + 0.915 = 1.215

రెండూ ఒకటి దాటాయి. ఇది సహజీవనం.

ఒకటి దాటి, రెండోది దాటకపోతే దాటినదే మిగులుతుంది. రెండూ దాటకపోతే ముందొచ్చినవారిదే నేల. వత విలువను 0.30కి, తవ విలువను 0.09కి పెంచి చూడండి. తగిరిసకు 0.914, వయ్యారిభామకు 0.912 వస్తాయి. ఇలాంటి చోట రెండింటినీ పదేసి విత్తనాలతో మొదలుపెట్టి గీసిన ఒకే ఒక్క గీతను చూసి 'ఫలానాది బలమైనది' అంటే అది తప్పే. వేరే సంఖ్యలతో మొదలుపెడితే రెండోది గెలుస్తుంది. అందుకే ప్రతి జత విలువలకూ కనీసం మూడు ఆరంభాలు నడపాలి: 10–10, 1000–1, 1–1000. తగిరిస చల్లే పనికి ఈ 'ముందొచ్చినవారిదే నేల' అనే ఫలితం అన్నిటికంటే ముఖ్యం. అక్కడ తొలకరికి ముందు ఎంత విత్తనం చల్లారన్నదే గెలుపోటములను తేలుస్తుంది.

రెండు వృద్ధి గుణకాలూ ఎందుకలా వచ్చాయో విడదీసి చూడాలంటే పర్యావరణ శాస్త్రవేత్త పీటర్ చెసన్ 2000లో స్పష్టం చేసిన విభజన ఉపయోగపడుతుంది. ఒకటి రెండు జాతుల అతివ్యాప్తి, అంటే తమ జాతిని అణచేదానితో పోలిస్తే ఎదుటి జాతిని అవి ఎంత అణచుతాయో. వత × తవను వవ × తతతో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. మన విలువలతో 0.6కు వర్గమూలం, అంటే 0.775. రెండోది బలాల నిష్పత్తి, అంటే పోటీలో వయ్యారిభామ తగిరిసకు ఎన్ని రెట్లు బలమైనదో. 141.86 ÷ 54.17ను (తవ × తత) ÷ (వవ × వత) వర్గమూలంతో గుణించాలి: 2.619 × 0.387 = 1.014. ఈ నిష్పత్తి 0.775కూ, దాని విలోమమైన 1.29కూ మధ్య ఉంటే రెండూ నిలుస్తాయి. అతివ్యాప్తి తగ్గేకొద్దీ ఆ సందు వెడల్పవుతుంది, బలాల్లో పెద్ద తేడాను కూడా ఓర్చుకుంటుంది. మాటల్లో చెప్పాలంటే, ఎదుటి జాతిని అణచడం కంటే తమను తాము ఎక్కువగా అణచుకునే మొక్కలే పక్కపక్కన బతుకుతాయి. ఈ రెండు అంకెలకూ షీట్‌లో రెండు గడులు కేటాయించండి. ఏ విలువ మార్చినా రెండింట్లో ఏది కదిలిందో వెంటనే కనిపిస్తుంది.

ఒక విలువను జరుపుతూ చూడడం

మిగతావన్నీ అలాగే ఉంచి, తగిరిస ఒంటరి దిగుబడిని 40 నుంచి 130 దాకా ఐదేసి చొప్పున పెంచండి. ప్రతిసారీ రెండు వృద్ధి గుణకాలూ రాసుకోండి. 60 వరకు తగిరిస పోతుంది. 65 నుంచి 100 వరకు రెండూ ఉంటాయి. 105 నుంచి వయ్యారిభామ పోతుంది. కచ్చితమైన హద్దులు 63.2, 104.3.

ఇప్పుడు తగిరిస 80 దగ్గరే ఉంచి వయ్యారిభామ దిగుబడిని జరపండి. 153 కిందికి పడితే వయ్యారిభామ నిలవలేదు. 254 దాటితే తగిరిస నిలవలేదు. ఇందులో పొలానికి పనికొచ్చే విషయం ఉంది. వయ్యారిభామ ఆకులు తినే మెక్సికో పెంకు పురుగును 1980ల్లో మన దేశానికి తెచ్చారు. పురుగు ఒక్కటే మొక్కలను నిర్మూలించనక్కర్లేదు. మన ఉదాహరణ విలువలతో విత్తనాల దిగుబడిని పావు వంతు తగ్గించినా చాలు, మిగతా పని తగిరిస చేస్తుంది. పోటీ మొక్క లేని చోట అదే పావు వంతు తగ్గుదల పెద్దగా తేడా చూపదు: 106.1 ÷ 0.20 లెక్కన ఇంకా 531 మొలకలు ఉంటాయి. రెండు చర్యలు కలిపితే వచ్చే ఫలితం విడివిడి ఫలితాల మొత్తం కాదని చూపడానికి ఇలాంటి నమూనాను మించిన సాధనం లేదు.

హద్దుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. తగిరిస దిగుబడి 60 అయితే దాని వృద్ధి గుణకం 0.971. అది ఓడిపోతోంది, కానీ సీజన్‌కు మూడు శాతం చొప్పున. అరుదైపోయాక కూడా సగమవడానికి దాదాపు 24 సీజన్లు పడుతుంది. 50 సీజన్లు మాత్రమే నడిపినవారికి రెండు గీతలూ కనిపిస్తాయి, సహజీవనం అనుకుంటారు. గీతను చూసి తీర్పు చెప్పకూడదనడానికి కారణం ఇదే. వృద్ధి గుణకం ఒక్క గడిలో నిజం చెబుతుంది.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో పొరపాటు: 0.00003 విత్తనాలు. నమూనాలో సంఖ్య ఎప్పటికీ సున్నా కాదు, పొలంలో మాత్రం అవుతుంది. వెయ్యి చదరపు మీటర్ల బంజరైతే చదరపు మీటరుకు 0.001 అంటే మొత్తం మీద ఒక్క గింజ. అంతకంటే తగ్గితే సున్నా చేసే షరతు పెట్టండి. బయటి నుంచి గాలికో బండ్ల చక్రాలకో వచ్చే గింజలను కలపాలనుకుంటే, ముందు అవి లేకుండా పరీక్ష పూర్తి చేశాకే కలపండి. ప్రతి సీజన్‌కూ ఐదారు గింజలు బయటి నుంచి పడుతుంటే ఓడిపోయే జాతి కూడా ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

వానలు మారే ఏళ్లు

ఇంతవరకు ప్రతి సీజన్ ఒకేలా ఉంది. నిజానికి ఒక ఏడు తొలకరి వయ్యారిభామకు కలిసొస్తుంది, ఒక ఏడు తగిరిసకు. రెండు రకాల ఏళ్లు పెట్టండి. మొదటి రకంలో మొలకెత్తే వంతులు వయ్యారిభామకు 0.7, తగిరిసకు 0.2. రెండో రకంలో 0.3, 0.6. సగటు మారదు, 0.5, 0.4 అలాగే ఉంటాయి. ఏ ఏడు ఏ రకమో యాదృచ్ఛిక సంఖ్యతో నిర్ణయించండి.

స్ప్రెడ్‌షీట్‌లో యాదృచ్ఛిక సంఖ్యల ఫంక్షన్ మీరు ఏ గడిని ముట్టుకున్నా కొత్త అంకెలు ఇస్తుంది. ఫలితం ప్రతిసారీ మారిపోయి, మార్పు మీ విలువ వల్లనా వానల వల్లనా తెలియదు. ఏళ్ల వరుసను ఒకసారి తయారుచేసి, కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించండి. పోల్చే ప్రతి నడకకూ అదే వరుస వాడాలి. పైథాన్‌లోనో ఆర్‌లోనో ప్రోగ్రామ్ రాసి చేస్తే సీడ్ సంఖ్యను (యాదృచ్ఛిక వరుస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకెను) బిగించి, దాన్ని ఫలితం పక్కనే రాసుకోండి.

మారే ఏళ్లలో ఒకే వృద్ధి గుణకం ఉండదు, వరుస ఉంటుంది. వాటికి మామూలు సగటు తీయడం పెద్ద తప్పు. ఒక ఏడు 2.0, మరుసటి ఏడు 0.4 అయితే మామూలు సగటు 1.2, పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. రెండేళ్లలో నిజంగా జరిగేది 2.0 × 0.4 = 0.8, అంటే తగ్గుదల. కాబట్టి ప్రతి ఏటి గుణకానికి లాగరిథం తీసి, వాటి సగటు చూడాలి. సున్నా కంటే ఎక్కువైతే పెరుగుతుంది. నిండిన జాతిని ఒంటరిగా 600 సీజన్లు నడిపి, మొదటి 100 వదిలేసి, మిగిలిన 500లో ప్రతి ఏటా కొద్దిపాటి రెండో జాతికి వృద్ధి గుణకం ఎంతో లెక్కించండి. ఆ కొద్దిపాటి జాతిని పెరగనివ్వకూడదు, ప్రతి ఏడూ అదే అతి తక్కువ స్థాయిలో ఉన్నట్టు భావించి లెక్కించాలి.

మంచి ఏళ్ల లాభాన్ని నిల్వ చేసుకోవడం వల్ల సహజీవనానికి సాయం దొరుకుతుందన్న భావాన్ని చెసన్, వార్నర్ 1981లో నమూనాగా రాశారు; వారి నమూనాలో ఆ నిల్వ చాలాకాలం బతికే పెద్ద జీవులది, మన లెక్కలో నేలలోని విత్తనాలది. మంచి ఏడు వచ్చినప్పుడు, ఎక్కువ సంఖ్యలో ఉన్న జాతి మొలకలన్నీ ఒకేసారి లేచి తమలో తామే నలిగిపోతాయి. తక్కువ సంఖ్యలో ఉన్న జాతికి దాని మంచి ఏటిలో ఆ రద్దీ ఉండదు. చెడ్డ ఏళ్లలో నేలలోని గింజ దాన్ని కాపాడుతుంది. మీ నమూనాలో ఇది నిజంగా పనిచేస్తోందా అని తేల్చుకోవడానికి రెండు నడకలు చాలు. మొదటిదానిలో రెండు జాతుల బతికే వంతునూ 0 చేయండి. నిల్వ సాయం పూర్తిగా పోవాలి. రెండోదానిలో మొలకెత్తే వంతుల వరుసను అలాగే ఉంచి, సూత్రం కింది భాగంలోని ఏటేటి పోటీ విలువలను మాత్రం ఏళ్ల మధ్య కలగలపండి. అసలు నడకకూ దీనికీ లాగరిథం సగటులో వచ్చే తేడాయే నిల్వ ఇచ్చిన సాయం.

నేలను గళ్లుగా కట్టడం

మొక్కలు పొలం మొత్తంతో పోటీ పడవు, పక్కనున్నవాటితోనే పడతాయి. దాన్ని చూపాలంటే స్ప్రెడ్‌షీట్ వదిలి పైథాన్, ఆర్, నెట్‌లోగో అనే ప్రోగ్రామింగ్ సాధనాల్లో ఏదో ఒకటి పట్టుకోవాలి. 100 × 100 గళ్లు తీసుకోండి. ఒక్కో గడి 10 సెంటీమీటర్ల చదరం, మొత్తం 100 చదరపు మీటర్లు. ప్రతి గడిలో రెండు పూర్ణాంకాలు: వయ్యారిభామ విత్తనాలు, తగిరిస విత్తనాలు.

ప్రతి సీజన్‌కూ పని వరుస ఇది. గడిలోని ప్రతి గింజ మొలుస్తుందో లేదో ద్విపద పంపిణీతో (ఇచ్చిన వంతు ప్రకారం ప్రతి గింజకూ అవునో కాదో తేల్చే పద్ధతితో) తీయండి. మొలవని గింజలు బతుకుతాయో లేదో మళ్లీ అలాగే. ప్రతి మొలకకూ తన గడి, చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లు కలిపి తొమ్మిది గళ్లలోని మొలకలను లెక్కపెట్టి దిగుబడి సూత్రం వేయండి. వచ్చిన సగటుతో పాయిసాన్ పంపిణీలోంచి (ఇచ్చిన సగటు చుట్టూ యాదృచ్ఛికంగా పూర్ణాంకాలిచ్చే పద్ధతి) ఒక పూర్ణాంకం తీయండి, అవే ఆ మొలక గింజలు. ఆ గింజలను వెదజల్లండి. అన్ని గళ్లూ పూర్తయ్యాకే కొత్త పట్టికను పాతదాని స్థానంలో పెట్టండి.

ఈ చివరి మాటను పాటించకపోతే నడక మొత్తం చెడుతుంది. చదువుతున్న పట్టికలోనే రాస్తే, ఎడమవైపు గడి ఈ సీజన్ గింజలు కుడివైపు గడికి పోయి అదే సీజన్‌లో మళ్లీ మొలుస్తాయి. గుర్తు పట్టడం తేలిక: మొక్కల గుంపులు ఒకే దిక్కుకు జరిగిపోతూ ఉంటాయి.

గుణకాలను విస్తీర్ణానికి తగ్గట్టు మార్చడం రెండో ముఖ్య విషయం. మన గుణకాలు చదరపు మీటరుకు లెక్క. తొమ్మిది గళ్లు కలిపితే 0.09 చదరపు మీటరు మాత్రమే. కాబట్టి ప్రతి గుణకాన్నీ 0.09తో భాగించాలి: 0.20 కాస్తా 2.22 అవుతుంది, 0.10 కాస్తా 1.11, 0.06 కాస్తా 0.667. ఇది మరిస్తే నేల పదకొండు రెట్లు ఎక్కువ మొక్కలను మోస్తున్నట్టు తేలుతుంది. ఇంకొకటి, దిగుబడి లెక్కిస్తున్న మొలకను తన పొరుగువారిలో కలిపి లెక్కపెట్టకూడదు. కలిపితే ప్రతి మొక్కా తనను తానే అణచుకుంటుంది.

అంచుల దగ్గర గళ్లకు పొరుగు తక్కువ, అక్కడి మొక్కలకు అన్యాయంగా లాభం. ఎడమ అంచును కుడి అంచుతో, పై అంచును కింది అంచుతో అతికించినట్టు లెక్కపెడితే ఆ సమస్య పోతుంది.

ఇప్పుడు సరిచూసుకోవాలి. మొదటి నడకలో గింజలను గడి చూడకుండా పొలమంతా ఎక్కడైనా పడేటట్టు చల్లండి. విత్తనాల సగటు సాంద్రతలు స్ప్రెడ్‌షీట్‌లోని 838, 726కు దగ్గరగా రావాలి. ఒకటి రెండు శాతం ఎక్కువ రావడం సహజం. పొరుగు పలచగా ఉన్న చోట దొరికే లాభం, చిక్కగా ఉన్న చోట జరిగే నష్టం కంటే కొంచెం ఎక్కువ కాబట్టి అలా వస్తుంది. పది శాతం తేడా వస్తే ఎక్కడో తప్పుంది. ఇది సరిపోయాకే గింజలను దగ్గర దగ్గరగా రాల్చండి. తగిరిస కాయ పగిలి గింజలు చెట్టు కిందే పడతాయి, ఒకటి రెండు గళ్లు చాలు. వయ్యారిభామ గింజ తేలిక, గాలికీ నీటికీ పోతుంది, దూరం ఎక్కువ ఇవ్వాలి. గుంపులు ఏర్పడగానే స్వజాతి పోటీ పెరుగుతుంది, ఓడిపోయే జాతి తొలగడం నెమ్మదిస్తుంది. నెమ్మదించడం వేరు, నిలవడం వేరు. ఇక్కడ కూడా తేల్చేది కొద్ది విత్తనాల పరీక్షే: నిండిన పొలంలో రెండో జాతి గింజలు 20 వేసి, 100 సీడ్ సంఖ్యలతో నడిపి, ఎన్ని నడకల్లో అది నిలదొక్కుకుందో చూడండి. ఒక్క నడకతో ఏమీ తేలదు. వృద్ధి గుణకం 1.15 ఉన్న జాతి కూడా కొన్ని నడకల్లో దురదృష్టం వల్లే మొదటి సీజన్లలో పోతుంది.

పొలం నుంచి గుణకాలు తేవడం

నాలుగు గుణకాలూ రావాలంటే రెండు జాతుల సాంద్రతలనూ విడివిడిగా మార్చాలి. మొత్తం సాంద్రత ఒకేలా ఉంచి పాళ్లు మాత్రం మార్చే పద్ధతి, 1960లో డి విట్ ప్రసిద్ధి చేసినది, ఇప్పటికీ చాలామంది వాడతారు. ఈ పనికి అది చాలదు. అందులో ఒకటి పెరిగితే రెండోది తప్పనిసరిగా తగ్గుతుంది, కాబట్టి స్వజాతి ఒత్తిడినీ పరజాతి ఒత్తిడినీ విడదీయలేం. ఒంటరి మొక్కలు, స్వజాతి పొరుగు నాలుగైదు స్థాయిల్లో, పరజాతి పొరుగు నాలుగైదు స్థాయిల్లో, కొన్ని మిశ్రమాలు కావాలి. ఒంటరి మొక్కల మళ్లను ఎక్కువ పెట్టండి. ఒంటరి దిగుబడి తప్పితే దాంతోపాటు నాలుగు గుణకాలూ తప్పుతాయి. గింజల సంఖ్యకు లాగరిథం తీసి సూత్రాన్ని అమర్చాలి, లేకపోతే రెండు మూడు భారీ మొక్కలే ఫలితాన్ని లాగేస్తాయి.

వయ్యారిభామతో పని చేసేటప్పుడు చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. దాని స్పర్శ చర్మానికి, పుప్పొడి శ్వాసకు హాని. ప్రయోగ మడి చుట్టూ గింజ రాలకుండా పూత దశలోనే సరిహద్దు మొక్కలను పీకేయాలి.

అమర్చిన ప్రతి గుణకానికీ అనిశ్చితి ఉంటుంది. సగటు విలువలు మాత్రమే వాడి 'సహజీవనం' అని రాసేయకండి. ఆ అనిశ్చితి లోంచి 1,000 జతల గుణకాలు తీసి, ప్రతి జతకూ రెండు వృద్ధి గుణకాలు లెక్కించి, వెయ్యిలో ఎన్ని సహజీవనం చూపాయో, ఎన్ని ఏ జాతి గెలుపు చూపాయో, ఎన్ని ముందొచ్చినవారి గెలుపు చూపాయో రాయండి. మన ఉదాహరణలో బలాల నిష్పత్తి సందు మధ్యలో ఉంది. నిజమైన కొలతల్లో అది తరచు హద్దుకు ఆనుకునే వస్తుంది.

ఈ నమూనా ఎక్కడ పట్టదో కూడా తెలిసి ఉండాలి. తడి ఉన్న చోట వయ్యారిభామ ఏడాది పొడవునా మొలుస్తూ ఒకే ఏడాదిలో పలు తరాలు ముగిస్తుంది. కాలువ గట్లు, బోరు కింద తోటలకు ఏడాదికి ఒక అడుగు చొప్పున నడిచే సూత్రం సరిపోదు, అడుగును మూడు నెలలకు కుదించి మొలకెత్తే వంతులను రుతువును బట్టి మార్చాలి. పైగా వయ్యారిభామ వదిలే పార్థెనిన్ లాంటి రసాయనాలు ఎండిన ఆకుల ద్వారా కూడా నేలలోకి చేరి ఇతర విత్తనాల మొలకను దెబ్బతీస్తాయి. అలాంటప్పుడు గత సీజన్ వయ్యారిభామ మొలకల సంఖ్యను బట్టి ఈ సీజన్ తగిరిస మొలకెత్తే వంతును తగ్గించే ఒక పదం చేర్చాలి. చేర్చాక ఒంటరి స్థితులు, రెండు వృద్ధి గుణకాలు మొదటి నుంచి మళ్లీ లెక్కించాలి, పాత హద్దులు చెల్లవు.

మూడో జాతిని చేర్చాలంటే జతజతలుగా పరీక్షించి సరిపెట్టుకోకండి. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మొదటిదాన్ని ఓడించే వలయం ఉంటే ఏ జతా నిలవకపోయినా మూడూ కలిసి నిలవగలవు. జతలన్నీ నిలిచినా ముగ్గురిలో ఒకటి పోనూవచ్చు. ఒక్కో జాతిని తీసేసి, మిగిలిన రెండింటినీ అవి స్థిరపడేదాకా నడిపి, ఆ స్థితిలో తీసిన జాతిని కొద్దిగా చల్లి వృద్ధి గుణకం చూడాలి. మిగిలిన రెండింటిలో ఒకటి ఆ నడకలోనే పోతే, దక్కిన ఒక్కదానితోనే పరీక్ష చేసి, ఆ సంగతిని ఫలితం పక్కన రాసుకోవాలి.